ఈడిపస్ చుట్టూ ఉండవలసిన మనుషులు

2024 చివరి నెలల నుంచి 2025 వసంతం లోపు లండన్ రంగస్థలం మీద రెండు వేర్వేరు ఈడిపస్ నాటకాలు వచ్చాయి. విండమ్స్ థియేటర్‌లో రాబర్ట్ ఐక్ తిరగరాసి దర్శకత్వం వహించిన నాటకంలో మార్క్ స్ట్రాంగ్ ఈడిపస్‌గా, లెస్లీ మ్యాన్‌విల్ జొకాస్టాగా నటించారు. ఓల్డ్ విక్‌లో ఎల్లా హిక్సన్ రాసిన రూపాంతరాన్ని మాథ్యూ వార్కస్, నృత్యదర్శకుడు హోఫెష్ షెక్టర్ కలిసి నడిపించగా రామీ మాలెక్, ఇందిరా వర్మ అవే పాత్రలు ధరించారు. రెండింటికీ మూలం ఒక్కటే. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు కవి సోఫోక్లిస్ ఏథెన్స్ నగరం కోసం రాసిన నాటకం అది. తెలియకుండానే తండ్రి లేయస్‌ను చంపి, తల్లి జొకాస్టాను పెళ్లాడిన థీబ్స్ రాజు ఈడిపస్ ఆ నిజాన్ని తానే తవ్వి బయటికి తీసే కథ. రెండు ప్రదర్శనల్లోనూ గొప్ప నటులు ఉన్నారు, గట్టి ఆలోచన ఉంది. అయితే మూలంలో దాదాపు మొదటి నుంచి చివరి దాకా రాజు ఎదుట నిలబడి ఉండే ఒక పాత్ర విషయంలో మాత్రం రెండూ వెనుకడుగు వేశాయని నా అభిప్రాయం. ఆ పాత్ర కోరస్, అంటే కలిసి పాడుతూ, నాట్యం చేస్తూ కథలో పాలుపంచుకునే బృందం. ఐక్ దాన్ని పూర్తిగా తీసేశారు. ఓల్డ్ విక్ ప్రదర్శన దాని శరీరాన్ని ఉంచుకొని మాటను వదిలేసింది.

గ్రీకు ట్రాజెడీని, అంటే విషాద నాటకాన్ని, ఈ కాలానికి తెచ్చే ప్రతి ప్రయత్నాన్నీ నేను ముందుగా ఈ ఒక్క చోటే పట్టి చూస్తాను. రాజు తీసుకునే నిర్ణయానికి మూల్యం చెల్లించేవారు, అయినా ఆ నిర్ణయంలో తమకు చేయి లేనివారు, రంగస్థలం మీద ఉన్నారా, లేరా? దుస్తులు మారడం, రాజభవనం కార్యాలయం కావడం, దూత స్థానంలో ఫోను మోగడం నాకు పెద్ద అభ్యంతరాలు కావు. ఆ మనుషులు మాయమైతే మాత్రం మిగిలేది ఎంత బాగున్నా అది మరో రకం నాటకం.

ఐక్ చేసిన పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన ఈ రూపాంతరాన్ని మొదట 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ నటులతో ప్రదర్శించి, తరువాత లండన్‌కు తెచ్చారు. ఈడిపస్ ఇక్కడ రాజు కాదు, ఎన్నికల్లో నిలబడిన నాయకుడు. ఓట్ల లెక్కింపు జరుగుతున్న రాత్రి, ప్రచార కార్యాలయంలో, కుటుంబమంతా ఫలితం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నాటకం ఆరంభంలో తెర మీద కనిపించే ఈడిపస్ విలేకరుల ముందు రెండు మాటలు ఇస్తాడు: తన జనన ధ్రువపత్రాన్ని బయటపెడతానని, మాజీ నాయకుడు లేయస్ మరణంపై విచారణ జరిపిస్తానని. ఈ రెండు వాగ్దానాలే అతని మెడకు ఉచ్చు అవుతాయి. రంగస్థలం మీద ఒక గడియారం సెకన్లు తగ్గించుకుంటూ వస్తుంది. ఫలితం వెలువడే క్షణం, నిజం వెలువడే క్షణం ఒకదానికొకటి దగ్గరవుతుంటాయి. ప్రచారం ముగిసింది గనుక కార్యాలయంలోని సామాను కొంచెం కొంచెంగా బయటికి వెళ్లిపోతుంది. చివరికి ఆ దంపతులు దాదాపు ఖాళీ గదిలో మిగులుతారు. సోఫోక్లిస్ కథలో విధి ఎలా పనిచేస్తుందో ఇంత సూటిగా, ఇంత చవకైన వస్తువుతో చూపించిన రూపాంతరం నాకు మరొకటి తెలియదు. దేవుళ్లను నమ్మని ప్రేక్షకుడు కూడా ఆ అంకెలను నమ్మక తప్పదు.

జొకాస్టా విషయంలో ఐక్ చేసిన మేలు ఇంకా పెద్దది. మూలంలో ఆమె బిడ్డను పోగొట్టుకున్న తల్లి అనే సంగతి కథకు అవసరమైనంత మేరకే, కొద్ది మాటల్లో వస్తుంది. ఐక్ ఆ గతాన్ని తెరిచి, లేయస్ చేతిలో చిన్న వయసులోనే నలిగిన ఆడపిల్లగా ఆమెను మాట్లాడనిచ్చారు. మ్యాన్‌విల్‌కు 2025లో ఉత్తమ నటిగా బ్రిటిష్ రంగస్థలం ఇచ్చే ఒలివియే పురస్కారం రావడానికి ఆ మాటల్లోని బరువు కూడా కారణమే అనుకుంటాను. శతాబ్దాలుగా ఈడిపస్ చివరికి తానే పొడుచుకున్న కళ్ల గురించే మాట్లాడుకున్న సంప్రదాయంలో, ఆ బిడ్డ కాళ్లు కట్టి కొండ మీద పారేయించిన రాత్రి తల్లి ఏమైందని అడగడం న్యాయమైన పని.

అయితే అదే నాటకంలో నాకు ఎంతకీ కొరుకుడు పడని సంగతి ఒకటుంది. ఎన్నికల రాత్రి జరిగే కథలో ఓటర్లు ఎక్కడ? నాయకుడు ఉన్నాడు, అతని భార్య, పిల్లలు, పెంచిన తల్లి, బావమరిది, సిబ్బంది ఉన్నారు. అతన్ని నమ్మి ఓటేసిన లక్షల మంది మాత్రం గోడల అవతల ఒక అంకెగా మిగిలిపోతారు. రేపు ఉదయం వాళ్లకు ఏమవుతుంది? తాము ఎన్నుకున్న మనిషి ఇలాంటివాడని తెలిసినప్పుడు, అతని పట్ల తాము చూపిన ప్రేమను వాళ్లు ఎక్కడ దాచుకోవాలి? సోఫోక్లిస్ నాటకంలో సగభాగం ఈ ప్రశ్న గురించే. ఐక్ ఎంచుకున్న చోటు ఆ ప్రశ్నకు ఎంతో అనువైనది. అలాంటి చోటు దొరికాక కూడా నాటకం ఇంటి గుమ్మం దాటి బయటికి రాకపోవడమే నా బాధ.

సోఫోక్లిస్ కోరస్ థీబ్స్ నగరపు పెద్దలు. వాళ్లు మొదట పాడే పాట మహమ్మారి గురించి: పంటలు మాడిపోతున్నాయి, గర్భాలు నిలవడం లేదు, శవాలు పేరుకుపోతున్నాయి, డెల్ఫీ ఆలయం నుంచి వచ్చిన దైవవాక్కు మంచిదో చెడ్డదో తెలియక వణికిపోతున్నాం అంటారు. స్ఫింక్స్ అనే రాక్షసి బారి నుంచి తమను కాపాడినవాడు ఈడిపస్. అంధుడైన ప్రవక్త టైరీసియస్ వచ్చి లేయస్ హంతకుడు నువ్వేనని రాజు ముఖం మీదే చెప్పినప్పుడు వాళ్లు ఇరకాటంలో పడతారు. ప్రవక్తను కాదనలేరు, రాజునూ వదులుకోలేరు. రుజువు లేనిదే ఆయన మీద నింద ఒప్పుకోమని తీర్మానించుకుంటారు, ఎందుకంటే నగరం కష్టంలో ఉన్నప్పుడు ఆదుకున్నది ఆయనే. రుణపడిన మనుషుల తర్కం అది. తమకు మేలు చేసిన నాయకుడి మీద ఆరోపణ వచ్చినప్పుడు ఏ దేశంలోనైనా సామాన్యులు మొదట పట్టుకునే తర్కం కూడా అదే.

నాటకం మధ్యలో, జొకాస్టా దైవవాక్కులను కొట్టిపారేసిన తరువాత, వాళ్లు పాడే పాట నాకు ఈ నాటకం మొత్తానికీ గుండెకాయ. అహంకారం నిరంకుశుణ్ణి పుట్టిస్తుందని ఆ పాట హెచ్చరిస్తుంది. ఆ తరువాత, ఇలాంటి పనులకే గౌరవం దక్కేటట్లయితే ఇక నేనెందుకు నాట్యం చేయాలి అని అడుగుతుంది. ఈ ప్రశ్నకు రెండు అర్థాలున్నాయి. థీబ్స్ పెద్దలుగా వాళ్లు దేవుళ్ల కొలువును గురించి అడుగుతున్నారు. అదే సమయంలో, ఆ మాట అంటున్న మనుషులు నిజంగానే డయోనిసస్ దేవుడి ఉత్సవంలో, వేల మంది ముందు, నాట్యం చేస్తూ ఉన్నారు. ధర్మం మీద నమ్మకం పోతే నాటకమే ఆగిపోవాలని నాటకం లోపలి నుంచే అంటున్నారు. ఇంత ధైర్యమైన మాట రాజు నోట రాదు, రాణి నోట రాదు. పేరు లేని గుంపు నోట వస్తుంది. ఆ గుంపును తీసేసిన రూపాంతరంలో ఈ మాట మరెవరూ అనలేరు.

కోరస్‌ను తీసేయడం ఈ కాలపు దుర్మార్గం కాదని, ప్రాచీనులే ఆ దారి పట్టారని నాకు జవాబు రావచ్చు. ఆ జవాబులో నిజం ఉంది. అగథాన్ అనే కవి నుంచి మొదలుపెట్టి, కథతో సంబంధం లేని పాటలను నడుమ నడుమ ఇరికించడం అలవాటైందని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలోనే రాశాడు. కోరస్‌ను నటుల్లో ఒకరిగా, మొత్తంలో ఒక భాగంగా చూడాలని, మరో ఏథెన్స్ నాటకకర్త యురిపిడిస్ లాగా కాక సోఫోక్లిస్ లాగా చేయాలని కూడా ఆయన ఆ సందర్భంలోనే చెప్పాడు. అంటే సోఫోక్లిస్ తరువాత వంద ఏళ్లు తిరగకముందే ఈ పాత్ర అలంకారంగా మారింది. కానీ అరిస్టాటిల్ దాన్ని క్షీణతగానే గుర్తించాడు. ఎన్నుకొని మరీ కోరస్‌ను బాగా నడిపిన కవిగా ఆయన చూపినవాడు సోఫోక్లిస్. మనం ఇవాళ కోరస్ తీసేసి ప్రదర్శిస్తున్నదీ ఆ సోఫోక్లిస్ నాటకాన్నే.

రెండవ జవాబు డబ్బు గురించి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. సోఫోక్లిస్‌కు ముందు తరపు నాటకకర్త ఎస్కిలస్ కాలంలో కోరస్‌లో 12 మంది ఉండేవారని, సోఫోక్లిస్ ఆ సంఖ్యను 15కు పెంచాడని సంప్రదాయం చెబుతుంది. పదిహేను మందికి జీతాలు, నెలల తరబడి సాధన, పాట, నాట్యం ఏ నాటకశాలకైనా మోయలేని భారమే. ఏథెన్స్ ఈ భారాన్ని నిర్మాతకు వదిలేయలేదు. ఉత్సవంలో పోటీ చేయదలచిన కవి నగర అధికారిని అడిగేది డబ్బు కాదు, కోరస్. నాటకం ఆడేందుకు అనుమతి ఇవ్వడమంటే కవికి ఒక కోరస్‌ను ఇవ్వడమే. ఒక సంపన్న పౌరుడు ఆ బృందం శిక్షణకు, దుస్తులకు ఖర్చు భరించాలి. అది అతనికి గౌరవం, పన్ను కూడా. క్రీ.పూ. 472లో ఎస్కిలస్ ‘పర్షియన్లు’ నాటకానికి ఆ ఖర్చు భరించినవాడు తరువాత ఏథెన్స్ నాయకుడైన, అప్పటికి యువకుడైన పెరిక్లిస్. బృందంలో పాడేవారు వృత్తి నటులు కారు, పౌరులు. సాధన కాలంలో వారికి సైనిక సేవ నుంచి మినహాయింపు ఉండేది. ఒక నగరం తన సైనికులను కొంతకాలం పాటకు వదిలిపెట్టడం ఎంత పెద్ద విషయమో చెప్పనక్కరలేదు. ముగ్గురు నటులు ఉంటే నాటకం నడుస్తుంది, కోరస్ లేకుంటే నాటకమే లేదు అన్నట్లుగా ఆ ఏర్పాటు ఉండేది. మన కాలంలో లెక్క తలకిందులైంది. పేరున్న ఇద్దరు నటులు ఉంటే టికెట్లు అమ్ముడవుతాయి, కోరస్ ఖర్చు కింద కనిపిస్తుంది. ఆ లెక్కకు కళాత్మక కారణాలు తరువాత వెతుక్కుంటున్నామేమో అన్నది నా అనుమానం.

మూడవ జవాబు మరింత గట్టిది: ఒక డజను మంది ఒకే గొంతుతో ఒకే వాక్యం పలికితే బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్లు ఉంటుందని, మాట అర్థం కాదని, మనుషులు కనిపించరని. చెడ్డ కోరస్‌లు చాలానే ఉన్నాయి గనుక ఈ ఫిర్యాదు చాలాసార్లు నిజం. దీనికి విరుగుడుగా ఆధునికులు ఎక్కువగా చేసిన పని కోరస్‌ను ఒక్క మనిషిగా కుదించడం. 1944 ఫిబ్రవరిలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో ప్రదర్శితమైన ఫ్రెంచి రచయిత జాన్ అనూయ్ నాటకం, ఈడిపస్ కూతురి కథ ‘ఆంటిగొనీ’లో కోరస్ ఒక్కడే. అతను మొదట్లోనే ముందుకు వచ్చి పాత్రలన్నింటినీ పరిచయం చేసి, ఈ అమ్మాయి చనిపోతుందని చెప్పేస్తాడు. ట్రాజెడీ ఎలా పనిచేస్తుందో మధ్యలో వివరిస్తాడు కూడా. అది అద్భుతమైన రచనే. కానీ అతను కోరస్ కాదు, కథకుడు. అతనికి అంతా తెలుసు. సోఫోక్లిస్ కోరస్‌కు ఏమీ తెలియదు. ఈడిపస్ నాటకం ముగింపు ప్రేక్షకులకు తెలుసు, దేవుళ్లకు తెలుసు, టైరీసియస్‌కు తెలుసు; ఆ పెద్దలకు మాత్రం తెలియదు. ఒక దశలో వాళ్లు ఈడిపస్ ఏ దేవత కడుపున పుట్టాడో, ఏ కొండ మీద ఏ దేవుడికి జన్మించాడో అని ఉత్సాహంగా పాడతారు. ఆ పాట ముగిసిన మరుక్షణం గొర్రెల కాపరి వస్తాడు, నిజం బయటపడుతుంది. ఆశతో పొరపడే ఆ హక్కును తీసేసి వాళ్లను వ్యాఖ్యాతలుగా మార్చితే, ప్రేక్షకుడికి పాఠం మిగులుతుంది గాని భయం మిగలదు.

కోరస్ అంటే ఆదర్శ ప్రేక్షకుడని పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో జర్మన్ విమర్శకుడు ష్లేగెల్ అన్నాడు. ఈ మాట ఇప్పటికీ బాగా చలామణిలో ఉంది. కోరస్‌ను తీసేసే దర్శకులు దీన్నే ఆసరా చేసుకుంటారు: ప్రేక్షకులు ఎలాగూ ఉన్నారు గదా, వాళ్లే కోరస్ అని. ఈ మాటను జర్మన్ తత్వవేత్త నీచే 1872లోనే ఖండించాడు. ప్రేక్షకుడికి తన ముందున్నది కళ అని తెలుసు. కోరస్‌కు ఎదుట ఉన్నవారు నిజమైన మనుషులు, నిజమైన దేవుళ్లు. దీనికి నేను మరొకటి కలుపుతాను. ప్రేక్షకుడు నాటకం ముగిశాక ఇంటికి వెళ్లిపోతాడు. కోరస్‌కు థీబ్స్ తప్ప వెళ్లడానికి ఇల్లు లేదు.

ఓల్డ్ విక్ ప్రదర్శన ఈ ఇబ్బందులన్నింటికీ చెప్పిన సమాధానం నాట్యం. థీబ్స్‌ను పీడించేది అక్కడ మహమ్మారి కాదు, అనావృష్టి. షెక్టర్ నర్తకులు సన్నివేశాల నడుమ గుంపుగా విరుచుకుపడి, నేలను తొక్కి, చేతులు పైకెత్తి వానను వేడుకుంటారు. గ్రీకు కోరస్ నాట్యం చేసేదన్న సంగతిని మాట మీద మోజున్న రంగస్థలం మరచిపోయింది. దాన్ని గుర్తు చేసినందుకు ఆ ప్రదర్శనకు కృతజ్ఞతలు చెప్పాలి. అయితే నర్తకులకు మాట లేకపోవడం వల్ల వాళ్లు బాధపడగలరు గాని వాదించలేరు. రాజును శంకించలేరు, సమర్థించలేరు, ఆ రెండింటి మధ్య నలగలేరు. నాటకంలో ఆలోచన అంతా పేరున్న పాత్రలకు దక్కి, ప్రజలకు ఆవేశం ఒక్కటే మిగులుతుంది. ఇది అన్యాయమైన పంపకం. సోఫోక్లిస్ పంపకం ఇలా లేదు. థీబ్స్ పెద్దలు ఈడిపస్ కంటే నెమ్మదిగా ఆలోచిస్తారు, కానీ ఆలోచిస్తారు.

కోరస్ అంటే ప్రజల ప్రతినిధులు అనే మాట కూడా నాకు పూర్తిగా సరిపోదు. మిగిలి ఉన్న ట్రాజెడీలను వరుసగా చూస్తే కోరస్‌లో ఏథెన్స్ పౌరుల్లాంటివాళ్లు తక్కువే కనిపిస్తారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, బానిసలు, చెరపట్టబడినవారు, పరాయి దేశస్థులు ఎక్కువ. ఆ పాత్రలు ధరించినవారు మాత్రం ఏథెన్స్ నగరపు పౌరులు, మగవాళ్లు, ఓటు హక్కు, ఆయుధం ఉన్నవాళ్లు. ఇందాక చెప్పిన ‘పర్షియన్లు’, గ్రీకులు పర్షియన్లను ఓడించిన సలామిస్ నౌకాయుద్ధం జరిగిన ఎనిమిదేళ్లకు ప్రదర్శితమైంది. తమ నగరాన్ని తగలబెట్టిన శత్రువు రాజధానిలో ముసలి సలహాదారులుగా నిలబడి, చనిపోయిన పర్షియన్ యువకుల కోసం ఏథెన్స్ పౌరులు ఏడ్చారు. క్రీ.పూ. 415 వసంతంలో యురిపిడిస్ ‘ట్రాయ్ స్త్రీలు’ వచ్చింది. దానికి ముందరి చలికాలంలోనే ఏథెన్స్ సైన్యం మీలోస్ ద్వీపాన్ని లొంగదీసుకొని, మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మేసింది. ఆ నగరపు పౌరులే, ఆ పని జరిగిన కొద్ది నెలలకే, చెరపట్టబడిన స్త్రీల ముసుగులు తొడుక్కొని తమను ఏ యజమాని ఏ ఓడలో తీసుకుపోతాడోనని పాడారు. యురిపిడిస్ మీలోస్‌ను ఉద్దేశించి రాశాడా లేదా అన్న వాదం పండితులకు వదిలేస్తాను. ఆ బృందంలో పాడిన ప్రతి మనిషికీ మీలోస్ సంగతి తెలుసన్నది చాలు. నిర్ణయాలు తీసుకోగలిగిన మనుషులను, ఆ నిర్ణయాల కింద పడేవారి గొంతులోకి నెలల తరబడి దించి సాధన చేయించే ఏర్పాటు అది. ఆధునిక రంగస్థలం పోగొట్టుకున్నది ఈ ఏర్పాటునే అని నేను నమ్ముతున్నాను.

ఈ వెలుగులో చూసినప్పుడు, గత పదేళ్లలో వచ్చిన గ్రీకు రూపాంతరాలన్నింటిలో నాకు అత్యంత విలువైనదిగా కనిపించేది 2016 అక్టోబరులో ఎడిన్‌బరోలోని రాయల్ లైసియం నాటకశాలలో మొదలైన ‘శరణార్థి స్త్రీలు’. ఎస్కిలస్ నాటకాన్ని డేవిడ్ గ్రెగ్ తిరిగి రాయగా, యాక్టర్స్ టూరింగ్ కంపెనీ తరఫున రామిన్ గ్రే దర్శకత్వం వహించారు. ఈ నాటకంలో కోరస్ ప్రక్కన నిలబడే బృందం కాదు, అదే కథానాయిక. ఈజిప్టులో తమ దాయాదులు బలవంతంగా పెళ్లాడబోగా, దానౌస్ కుమార్తెలు సముద్రం దాటి పారిపోయి ఆర్గోస్ తీరానికి చేరి, దేవుళ్ల విగ్రహాల దగ్గర కూర్చొని ఆశ్రయం అడుగుతారు. ఆశ్రయం ఇస్తే యుద్ధం రావచ్చు. ఇవ్వకపోతే ఆ విగ్రహాలకే తమ నడికట్లతో ఉరి వేసుకుంటామని వాళ్లు అంటారు. రాజు పెలాస్గస్ భయపడి, నేనొక్కణ్ణి నిర్ణయించలేను, జనాన్ని అడగాలి అంటాడు. జనం చేతులెత్తి ఆశ్రయం ఇస్తారు. ప్రజల చేయి గెలిచిందని ఎస్కిలస్ అక్కడ వాడిన మాటల్లో ప్రజాస్వామ్యం అనే భావానికి మనకు తెలిసిన తొలి జాడల్లో ఒకటి ఉంది.

గ్రే, గ్రెగ్ చేసిన పని ఏమిటంటే, ఆ కోరస్ కోసం నటీమణులను వెతకకుండా, ఏ నగరంలో ప్రదర్శిస్తే ఆ నగరపు యువతులనే పిలిచి నెలల తరబడి పాట, అడుగు నేర్పించడం. జాన్ బ్రౌన్ సంగీతం కూర్చారు. ప్రాచీన గ్రీకుల జంట వేణువు ఔలోస్‌ను పునర్నిర్మించి కాలమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించారు. నాటకం మొదలయ్యేముందు స్థానిక ప్రముఖులొకరు వేదిక మీదికి వచ్చి డయోనిసస్ పేరిట ద్రాక్షసారాయి ధారపోయడం, ఖర్చు భరించినవారి పేర్లు చెప్పడం కూడా ఏథెన్స్ పద్ధతిని తిరిగి నిలబెట్టడమే. ఎడిన్‌బరో తరువాత మాంచెస్టర్, లండన్ లాంటి నగరాల్లో ఆ నగరాల స్త్రీలతో ఇదే పని తిరిగి జరిగింది. వృత్తి నటులు పాడినంత శుభ్రంగా వాళ్లు పాడకపోవచ్చు. కానీ ఒకే గొంతుతో పలకడం అక్కడ కృత్రిమంగా ఉండదు, ఎందుకంటే వాళ్లు నిజంగానే కలిసి నేర్చుకున్న గుంపు. ఇంతకుముందు చెప్పిన ఎక్కాల ఫిర్యాదుకు నిజమైన సమాధానం ఇది. ఏకకంఠం అనేది నటించి సాధించేది కాదు, చాలాకాలం కలిసి ఉండడం వల్ల వచ్చేది. 1983లో అమెరికాలో లీ బ్రూయర్, బాబ్ టెల్సన్ సోఫోక్లిస్ రాసిన మరో నాటకం ‘ఈడిపస్ అట్ కొలోనస్’ను నల్లజాతివారి చర్చి ఆరాధనగా మలచి, కోరస్ స్థానంలో గాస్పెల్ గాయక బృందాన్ని నిలబెట్టినప్పుడు అది పనిచేయడానికి కారణమూ ఇదే. కలిసి పాడడం వాళ్లకు అప్పటికే జీవితం.

ఎడిన్‌బరో ప్రయత్నంలో నన్ను కదిలించేది మరొకటి. 2015లో, 2016లో యూరప్ అంతటా శరణార్థుల గురించి జరుగుతున్న వాదనల నడుమ, ఆశ్రయం ఇవ్వాలో వద్దో తేల్చగల ఓటర్లే ఆశ్రయం అడిగేవారి నోట మాట్లాడారు. ఏథెన్స్ పౌరులు ట్రాయ్ స్త్రీల ముసుగు తొడుక్కోవడానికి ఇది చాలా దగ్గర. ఇంతమందిచేత జీతం లేకుండా పని చేయించడం సబబా అనే ప్రశ్న కూడా ఉంది. దాన్ని తప్పించుకోకూడదు. వాళ్లు నేర్చుకున్నది, పొందినది ఎంతైనా, టికెట్ అమ్మే నాటకశాల వాళ్ల శ్రమకు కనీసం రాకపోకల ఖర్చు, పిల్లలను చూసుకునేవారి ఖర్చు భరించాలన్నది నా పట్టుదల. ఏథెన్స్‌లో కూడా సంపన్నుడు పోషించాడు గాని ఊరికే వాడుకోలేదు.

దీనికి ఎదురు దిక్కున మరో రకం కోరస్ ఉంది: బాధపడినవారే తమ బాధను పాడడం. 2013లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, ఒమర్ అబుసాదా దర్శకత్వంలో, యుద్ధం నుంచి తప్పించుకొని వచ్చిన సిరియా స్త్రీలు ‘ట్రాయ్ స్త్రీలు’ ప్రదర్శించారు. యురిపిడిస్ మాటల మధ్య తమ ఇళ్ల గురించి, పోయినవారి గురించి తామే చెప్పారు. స్విస్ దర్శకుడు మీలో రావ్ బెల్జియంలోని ఎన్‌టీ గెంట్ నాటకశాల తరఫున 2023లో చేసిన ‘అమెజాన్‌లో ఆంటిగొనీ’ కూడా ఈ దారిదే. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో, 1996 ఏప్రిల్ 17న, ఎల్డొరాడో దొస్ కరజాస్ దగ్గర రోడ్డు మీద బైఠాయించిన భూమి లేని కూలీల మీద సైనిక పోలీసులు కాల్పులు జరిపి 19 మందిని చంపారు. ఆ నేల మీదే, భూమి లేని కార్మికుల ఉద్యమంతో కలిసి, రావ్ ఆ హత్యాకాండను తిరిగి నటింపజేసి చిత్రీకరించారు. అక్కడి ప్రజలే కోరస్. యూరప్ వేదిక మీద కొద్దిమంది నటులు ఉంటారు. కోరస్ వారి వెనుక తెర మీద ఉంటుంది. చనిపోయిన అన్నకు అంత్యక్రియలు చేయాలన్న ఆంటిగొనీ పట్టుదలను, తమ వాళ్ల శవాలను రోడ్డు మీద చూసినవారు పాడుతుంటే వినడం మామూలు అనుభవం కాదు. అయినా నాకు ఒక అసంతృప్తి. తెర మీద ఉన్న కోరస్ ఆ అంత్యక్రియలను నిషేధించిన రాజు, వేదిక మీది క్రియాన్ కళ్లలోకి చూడలేదు. ఆ మనుషులను ప్రయాణం చేయించడం సాధ్యం కాకపోవచ్చు, సరైనది కూడా కాకపోవచ్చు. కానీ గెంట్‌లో కూర్చున్న ప్రేక్షకుడు ఆ నేల నుంచి వచ్చే సోయాచిక్కుడు, ఖనిజాలు కొనే ప్రపంచానికి చెందినవాడు. అతనిచేత ఆ పాట పాడించగలిగితే అది ఏథెన్స్ చేసిన పని అవుతుంది. చూడడం కంటే పాడడం కష్టం.

కోరస్ స్థానంలో పదిహేను మంది ఉండి తీరాలని నేను అనడం లేదు. 1973లో కేప్‌టౌన్‌లో అథల్ ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్ట్షోనా కలిసి సృష్టించిన ‘ది ఐలండ్’లో ఉన్నది ఇద్దరే. ఖైదీలు జైలు కచేరీ కోసం ‘ఆంటిగొనీ’ సాధన చేస్తుంటారు. చివరి దృశ్యంలో ఆ నాటకం ఆడినప్పుడు, హాలులో ఉన్న మనం జైలు అధికారులం, తోటి ఖైదీలం అయిపోతాం. ఎవరి వైపు కూర్చున్నామో మనకే తెలియదు. అక్కడ కోరస్ స్థానం ఖాళీగా లేదు. దాన్ని నింపే బాధ్యతను నాటకం స్పష్టంగా మన మీద పెట్టింది. ప్రేక్షకులు ఎలాగూ ఉన్నారు గదా అని వదిలేయడానికీ, ప్రేక్షకులను ఒక పాత్రలో కూర్చోబెట్టడానికీ మధ్య తేడా ఇదే.

అందుకే ఐక్ ఈడిపస్ దగ్గరికి మళ్లీ వస్తున్నాను, ఎందుకంటే ఆ నాటకంలో కోరస్‌కు కావలసిన మనుషులు ఇప్పటికే ఉన్నారు. కార్యాలయం ఖాళీ అవుతుంటే కుర్చీలు, బల్లలు మోసుకుపోయేవారు, నెలల తరబడి ఆ నాయకుడి కోసం నిద్ర మానుకొని తిరిగిన ప్రచార కార్యకర్తలు. వాళ్లలో పది మందిని గదిలోనే ఉంచవచ్చు. ప్రవక్త వచ్చి పోయాక, రుజువు లేనిదే మా నాయకుడి మీద మాట పడనివ్వం అని వాళ్లే అనవచ్చు. జొకాస్టా ఒక్క మాటా చెప్పకుండా వెళ్లిపోయినప్పుడు, మూలంలో కోరస్ నాయకుడు అడిగినట్లుగా, ఆవిడ ఇంత దుఃఖంతో ఎందుకు వెళ్లిపోయింది, ఈ మౌనం నుంచి ఏ కీడు బద్దలవుతుందో అని ఈడిపస్‌ను వాళ్లే అడగవచ్చు. గడియారం సున్నాకు వచ్చి గెలుపు ఖాయమైన క్షణంలో, అతని భార్యకు ముందే, పిల్లలకు ముందే, ఆ గెలుపును ఏం చేసుకోవాలో తెలియక నిలబడవలసినవారు వాళ్లు. నాటకం వేగం తగ్గుతుందని, కుటుంబం మీద ఉన్న దృష్టి చెదురుతుందని దర్శకుడు అనవచ్చు. కొంత తగ్గుతుంది, కొంత చెదురుతుంది. సోఫోక్లిస్ కూడా అతి వేగంగా నడుస్తున్న విచారణను నాలుగు చోట్ల ఆపి ఆ పెద్దలచేత పాడించాడు. ఆపవలసిన అవసరం ఉందని తెలిసే ఆపాడు.